గరక పీకిన గంగి

కలుపు తీయడానికి గంగి దిగిందంటే నర్మెట్ట చుట్టుపక్కల ఆసాములు లేచి నిలబడేవారు. గౌరవంతో కాదు లెండి. ఒడ్డు మీద కూర్చుని కూలీలను కనిపెట్టుకునే ఆసామి, గంగి సాలు పట్టిందంటే పావుగంటకోసారి లేచి ముందుకు జరగాల్సి వచ్చేది. ఆమె చేతిలోని మొండి కొడవలి పత్తి మొక్కకు గోరెడు దూరంలో మట్టిని గీరుకుంటూ పోయేది. మొక్క ఆకైనా అదిరేది కాదు. పొద్దుగూకేసరికి ఆమె వెనక నేల అలికిన వాకిలిలా ఉండేది.

అన్ని కలుపుల్లోకీ గరక అంటే ఆమెకు పగ. తుంగను తవ్వితే పోతుంది, గునుగును పట్టి లాగితే వస్తుంది. గరక అట్లా కాదు, దానికి కణుపు కణుపుకూ ప్రాణమే. వేలెడు ముక్క మట్టిలో మిగిలిందంటే పక్షం రోజుల్లో మళ్లీ పాకుతుంది. అందుకే గంగి పీకిన గరకను చేలో వదిలేది కాదు. కొంగులో ఏరుకొచ్చి ఒడ్డు మీది బండపై ఎండకు పరిచేది. "సావవే, నీ ఇంట్ల పీనుగెల్ల!" అని తిట్టేది కూడా. ఇంత పగబట్టిన గరకను "జర బతుకే తల్లీ" అని బతిమాలుకునే రోజు వస్తుందని అప్పుడెవరైనా చెప్పి ఉంటే, వాళ్లను కొడవలి తిప్పి తరిమి ఉండేది.

గంగి పుట్టింది దంతాలపల్లి దగ్గర ఒక తండాలో, మెట్టింది నర్మెట్ట దగ్గర ఇంకో తండాలో. ఈ రెండు తండాల మట్టి కంటే పుణె చుట్టుపక్కల మట్టినే ఎక్కువ తవ్వింది. దసరా వెళ్లగానే మేస్త్రీ బాల్‌సింగ్ లారీ తండా ముందు ఆగేది. గిన్నెలు, బొంతలు, కోళ్లగంప, మనుషులు అన్నీ అందులోకే ఎక్కేవి. పెళ్లయిన ఏడాది నుంచీ గంగి ఆ లారీ ఎక్కుతూనే ఉంది. కాలువలు తవ్వింది, రోడ్లకు కంకర మోసింది, మేడలు లేచేచోట ఇసుక జల్లించింది. భర్త లక్ష్మాకు ఒకటే వెలితి ఉండేది.

"మనం తవ్విన కాల్వల నీళ్లు పారంగ ఒక్కసారన్న సూసినమానే? నీళ్లొచ్చే యాళ్లకు మనం ఇంకో తాన ఉంటం," అనేవాడు.

పిల్లలు లేరు. ఆరేళ్ల కింద అట్లాంటి ఒక కాలువ గట్టు మీదే లక్ష్మా జ్వరంతో పోయాడు. అక్కడే మట్టి చేసి, మూడో నాడు గంగి మళ్లీ తట్ట ఎత్తుకుంది. ఆ కాలువలో నీళ్లు వచ్చాయో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

రెండు వేల పదకొండు వానాకాలంలో ఆమెకు జనగామలో పని దొరికింది. తెలంగాణ కోసం ఊరూరా డేరాలు వేసుకుని జనం కూర్చున్న ఏడాది అది. నర్మెట్ట రోడ్డు మీద విద్యాసాగర్ అనే ఆసామి తన చెలకలో పెళ్లిళ్ల గార్డెన్ కట్టిస్తున్నాడు. స్టేజీ, వంటశాల, కార్లు నిలిపే జాగా అన్నీ తయారయ్యాయి. మధ్యలో పది గుంటల నేల లాన్ కోసం వదిలారు. అందులో రాళ్లేరడానికి వెళ్లిన గంగి పని చూసి విద్యాసాగర్ భార్య సుమిత్ర ముచ్చటపడింది. "ఈమెను మాలీగ పెట్టుకుందామండి" అంది.

"లాను మంచిగ లేసి నిలవడనీ, సూద్దాం," అన్నాడు విద్యాసాగర్. "నిలవడ్డదంటే ఎనక రూముల ఆమెనే ఉంటది."

ఆ రూము ఎంతని! రేకుల కప్పు, ఒక కిటికీ, బయట ఒక నల్లా. గంగి మాత్రం రోజూ పని దిగగానే దాని గడప మీద కాసేపు కూర్చుని ఇంటికి వెళ్లేది. మోకాళ్లు ఇక లారీ ఎక్కనంటున్నాయి. ఈ గడప దొరికితే దసరాకు మూట కట్టే పని ఉండదు. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

కానీ లాన్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. గడ్డి వేస్తారని తెలిసినప్పుడు నోరు నొక్కుకుంది. గడ్డి పీకినందుకు కూలి ఇచ్చే లోకమే తప్ప గడ్డి వేయించుకునే లోకం ఒకటుందని ఆమె ఎరగదు. ఆ గడ్డి కూడా విత్తడం, నాటడం కాదు, కొట్టడమట! హైదరాబాద్ నుంచి ఒక లారీ వచ్చింది. మీద పెద్ద ట్యాంకు, లోపల తిరిగే రెక్కలు, ఇంత లావు పైపు. దానితో వచ్చిన ఇంజనీరు రంజిత్ మన కేసముద్రం పిల్లవాడే. తండ్రి మార్కెట్ యార్డులో కాంటా వేస్తాడు. రంజిత్ మాత్రం హైదరాబాద్ కంపెనీలో చేరాక మాటకు ఇస్త్రీ చేసుకున్నాడు.

"ఇది బెర్ముడా విత్తనం మేడమ్. విదేశాల నుంచి వస్తుందండి," అన్నాడు సుమిత్రతో. "విత్తనం, కాగితపు గుజ్జు, ఎరువు, జిగురు అన్నీ నీళ్లలో కలిపి నేల మీద కొడతాం. గుజ్జు పొరలా పట్టుకుని తడిని ఆపుతుంది. ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో తెలియడానికి పచ్చరంగు కూడా కలుపుతామండి."

పైపు విప్పారు. పచ్చటి చిక్కటి నీళ్లు జల్లుగా లేచి పడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లంతా ఆగి చూశారు. మేకలు కాసే కట్టయ్య అనే ముసలాయన అయితే మేకలను వదిలేసి గోడెక్కాడు. గంటలో నేలంతా పచ్చబడింది.

"అయిపాయెనా? రంగేసి పోతుండ్రా?" అంది గంగి.

అందరూ నవ్వారు. రంజిత్ కూడా నవ్వి, రోజుకు మూడు పూటలు నీళ్లు సన్నజల్లుగా పడాలనీ, ధార పడితే గుజ్జు కొట్టుకుపోతుందనీ, మూడు వారాలు ఎవరూ తొక్కకూడదనీ చెప్పాడు. తొందరగా మొలిచి నీడనిచ్చే గింజ ఒకటి కొంచెం కలిపామనీ, అది తర్వాత కోసేయాలనీ కూడా చెప్పాడు. అయితే ఆ మాట విద్యాసాగర్‌కు చెప్పాడు, అప్పుడాయన ఉద్యమం నడిపే జేఏసీ వాళ్లతో ఫోన్‌లో, రోడ్డు మీది వంటావార్పుకు ఎన్ని బస్తాల బియ్యం కావాలో మాట్లాడుతున్నాడు. "సరే సరే" అని తలూపాడు. రంజిత్ ఒక కాగితం మీద జాగ్రత్తలన్నీ రాసిచ్చి వెళ్లిపోయాడు.

మూడు రోజులకు సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి, బొగ్గు బావుల్లో పని నిలిచింది. బొగ్గు లేకపోయేసరికి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. గార్డెన్‌లో బోరు మోటారు మూగబోయింది. గంగి తమ్ముడు ప్రేమ్‌చంద్ భూపాలపల్లి బావిలో పనిచేస్తాడు. అతనూ సమ్మెలోనే ఉన్నాడు. అక్కకు ఫోన్ చేశాడు.

"తెలంగాణ తెస్తున్నమక్కా!" అన్నాడు ఉత్సాహంగా.

"తేరా నాయినా, తే. నువ్వు బొగ్గు తవ్వకపోతే ఈడ నా మోటర్ నడుస్తలేదు. నీ సమ్మెకు నా రెక్కలు పడిపోతున్నయి," అంది గంగి.

కరెంటు ఉన్న కాసేపట్లో తొట్టి నింపుకునేది. లేనప్పుడు బిందె చంకనెత్తుకుని, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు చిలకరిస్తూ తిరిగేది. ఆ చిలకరింపు ఆమెకు కొత్త కాదు. శ్రావణంలో తీజ్ పండుగకు తండా ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, మేక ఎరువు పోసి నానబెట్టిన గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటకూ పాడుతూ నీళ్లు చిలకరిస్తారు. తొమ్మిదో నాడు మొలకలు తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, పెద్దల చేతుల్లో పెట్టి, మిగిలినవి నీళ్లలో కలుపుతారు. పెళ్లయిన పిల్లకు బుట్ట ఉండదు. గంగికి పదమూడో ఏటనే పెళ్లయింది. మూడు తీజులే దక్కాయి. తన చేత్తో చల్లినది మొలిచేదాకా దగ్గరుండి చూసింది ఆ మూడుసార్లే. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే పని చేస్తుంటే ఆమెకు పాట దానంతటదే వచ్చేది.

నాలుగో రోజుకు మొలక లేచింది. వారం తిరిగేసరికి వెడల్పాటి ఆకులతో బెత్తెడెత్తు నిలబడింది. "పంట మొలిసిందమ్మా!" అని గంగి సుమిత్రను చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది.

ఇంకో మూడు రోజులకు ఆ మొలకల కింద వెంట్రుకంత సన్నగా ఇంకేదో లేవడం గంగి కంటపడింది. వంగి చూసింది. గరక! ముప్పై ఏళ్ల శత్రువు ఇక్కడికీ వెంటపడి వచ్చింది. పరుగున వెళ్లి విద్యాసాగర్‌కు చెప్పింది. ఆయన జేబులోంచి రంజిత్ కాగితం తీసి చదివాడు.

"కలుపు కనిపిస్తే వెంటనే తీసేయాలె అని రాసిండు. తియ్యి మరి," అని డేరా దగ్గరికి వెళ్లిపోయాడు.

గంగి కొడవలి పట్టింది. నాలుగు రోజులు గేటు నుంచి స్టేజీ వైపుగా సగం నేల, అయిదు గుంటలు, ఒక్క పరక లేకుండా గీరింది. వెడల్పాటి మొలక ఒక్కటీ కదల్లేదు. జీవితంలో అంత శుభ్రంగా ఆమె ఎవరి చేనూ కలుపు తీయలేదు.

నాలుగో రోజు సాయంత్రం రంజిత్ ఫోన్ చేశాడు. విద్యాసాగర్ లాన్ పక్కనే నిలబడి అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఎలా ఉంది సార్ లాన్?"

"మస్తుగున్నది! జానెడు లేసింది. కలుపు కూడ తీపిస్తున్న. మా గంగి సగం దాక సాఫ్ చేసింది."

"కలుపా? ఏం కలుపు సార్?"

"గరక. అంత గరకనే ఎల్లింది."

ఈసారి ఫోన్‌లో వచ్చిన గొంతుకు ఇస్త్రీ లేదు.

"అన్నా! గదే లాను! జానెడు లేసింది కొర్ర. నీడకని ఏసినం, కోసి పారేసేది. బెర్ముడా అంటే గరకనే అన్నా! నీకు చెప్పిన గద!"

గంగి చేతిలో కొడవలి అట్లాగే ఉంది. ఆమెకు మాట అర్థమైంది, అర్థం కాలేదనుకోవాలనిపించింది. కళ్ల ముందు అయిదు గుంటల నేలలో కొర్ర గాలికి ఊగుతోంది. దాని కింద తన చేత్తో అలికినట్టు చేసిన మట్టి ఉంది.

మిషన్ మళ్లీ పంపమని విద్యాసాగర్ అడిగాడు. రోడ్లన్నీ బంద్, సమ్మె తేలేదాకా లారీ కదలదు, విత్తనమూ లేదన్నాడు రంజిత్. కార్తీకంలో ఈ గార్డెన్‌లో మొదటి పెళ్లి. సుమిత్ర చెల్లెలి కూతురు స్వాతిది. శుభలేఖలు కూడా అచ్చయ్యాయి. విద్యాసాగర్ కోపం నషాళానికంటింది.

"నీ చేతులిరగ! విత్తునంత పీకి పారేసినవానే! పో, రేపటి సంది రాకు. ముందు నా కండ్ల ముంగట నుంచి పో!"

తిట్లు గంగికి కొత్త కాదు. మరాఠీలో తిన్నది, కన్నడంలో తిన్నది, తెలుగులో సరే. తలొంచుకుని కొడవలి మూటలో పెట్టుకుంటోంది. అప్పుడు సుమిత్ర ముందుకొచ్చింది.

"ఆగుండ్రి జర. ఏది లానో, ఏది కోసేదో ఆమెకు మీరు చెప్పిండ్రా? నాకన్న చెప్పిండ్రా? ఆ పిలగాడు చెప్పంగ మీరు విన్నరా? కలుపు తియ్యమన్నది మీరు, తీసింది ఆమె. ఇండ్ల గంగి తప్పేమున్నది? తప్పు మనది."

గంగి అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ల తిట్లకు రాని ఏడుపు ఆ ఒక్క మాటకు వచ్చింది. భూమి ఉన్నవాళ్లు ఒక కూలిదాని ముందు నిలబడి తప్పు మనది అనడం ఆమె అదే మొదటిసారి వినడం. ఆ రాత్రి తండాలో అన్నం ముందు కూర్చుని కూడా ఆ మాటే తలుచుకుంది. ఏం చేస్తే ఆ తల్లి రుణం తీరుతుందో ఆమెకు తోచలేదు.

మర్నాడు పొద్దున ఊరికే ఉండలేక మళ్లీ జనగామ దారి పట్టింది. దారిలో ఒక మిరపచేలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఒడ్డు మీది బండపై కుప్పలుగా గరక పడి ఉంది. గంగి రెండడుగులు దాటిపోయి ఆగింది. వెనక్కి వచ్చింది. ఆ కుప్ప ముందు కూలబడి పగలబడి నవ్వింది. చేలో ఆడవాళ్లు ఈమెకు మతి తప్పిందనుకున్నారు.

పరుగున వెళ్లి సుమిత్ర ముందు నిలబడింది. "అమ్మా, మీకు కావాల్సింది గరకనేనా? నిజంగ గరకనేనా?"

"గరకనే గంగీ."

"అయితే పరేషాన్ ఎందుకమ్మా! మండలమంత గదే ఉన్నది. కణుపు తెంపి ఏస్తే లేస్తది. దాన్ని సంపుడు మాకు చేతగాదు గని, బతికిచ్చుడు ఎంత సేపు?"

సుమిత్ర రంజిత్‌కు ఫోన్ చేయించింది. అదీ ఒక పద్ధతేననీ, కణుపులు ముక్కలు చేసి బురదలో కలిపి చల్లవచ్చనీ, కాకపోతే పది పన్నెండు రోజులు చచ్చినట్టే కనిపిస్తుందనీ, కొన్ని నిజంగానే చస్తాయనీ చెప్పాడు. విద్యాసాగర్ గడ్డం గోక్కున్నాడు.

"సరే. దసరా ఎల్లినంక మూడొద్దులు సూస్త. అప్పటికి జాడ లేకపోతే ఆ సగంల బండలు పరిపిస్త. బండలకు మాలీ అవసరం లేదు," అన్నాడు.

దసరా వెళ్లిన మూడో రోజంటే బాల్‌సింగ్ లారీ వచ్చే రోజే. గంగి లెక్క వేసుకుంది. గరకంతా పోగుచేసి నాటే రోజు నుంచి ఎనిమిది రోజులే అవుతాయి.

అయినా దిగింది. గరక కావాలని అడిగితే రైతులు మొదట నమ్మలేదు, తర్వాత ఎగబడ్డారు. "మొత్తం తీస్కపో తల్లీ, నీ కడుపు సల్లగుండ!" అని కట్టయ్య తన ఒడ్డు గరకంతా తవ్వి తానే బండి కట్టుకొచ్చాడు. ప్రేమ్‌చంద్ ఎట్లాగూ బావికి పోవడం లేదు కదా, భూపాలపల్లి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి నీళ్లకు నిలబడ్డాడు. చౌరస్తా డేరాలో కూర్చున్న తండా ఆడవాళ్లను చంద్రి వెంటబెట్టుకొచ్చింది. చంద్రి ఏటా లారీలో గంగి పక్కన కూర్చునే నేస్తురాలు.

గరకను మొద్దు మీద పెట్టి వేలెడు ముక్కలు నరికారు, ఒక్కో ముక్కకు రెండు కణుపులైనా ఉండేట్టు. డ్రమ్ముల్లో పేడ, ఎర్రమట్టి కలిపి పలచగా చేసి ముక్కలన్నీ అందులో వేశారు. కొర్రను మొదలంటా కోసి, నేలను పైపైన గీరి, దోసిళ్లతో ఆ బురదను చిమ్మారు. పైన సన్నమట్టి జల్లించారు.

"ఇగ దీని మీద రోలర్ తిప్పాలె. ముక్క మట్టికి అతుక్కుంటేనే ఏరు పోస్తది," అంది సుమిత్ర, రంజిత్ ఫోన్‌లో చెప్పింది గుర్తు చేసుకుంటూ. "రోలర్ యాడికెల్లి తెద్దాం? అన్నీ బంద్."

"రోలర్ ఎందుకమ్మా, మేం లేమా?" అంది చంద్రి.

ఆడవాళ్లు గుండ్రంగా నిలబడ్డారు. తీజ్ పాట ఎత్తుకున్నారు. పాదం పక్కన పాదం నొక్కి, వంగి లేచి, చప్పట్లు కొడుతూ అడుగు అడుగున జరుగుతూ అయిదు గుంటలూ తొక్కారు. కాళ్ల కడియాలు మోగుతుంటే రోడ్డు మీద మళ్లీ జనం చేరారు. బతుకమ్మ రోజులవి. సుమిత్ర కూడా చెప్పులు విడిచి వలయంలోకి వచ్చింది. ఆమెకు వచ్చింది బతుకమ్మ అడుగు, వీళ్లది తీజ్ అడుగు. రెండుసార్లు తడబడి, మూడోసారికి కలిసింది.

తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. మూడు పూటలు నీళ్లు, అరచెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల్లోంచి. రెండో రోజుకు గరక ముక్కలు పసుపుపచ్చబడ్డాయి. నాలుగో రోజుకు ఎండుగడ్డి రంగుకొచ్చాయి. గంగి గీరని సగం పచ్చగా, ఈ సగం ఊడ్చిన కళ్లంలా. దసరా నాడు సుమిత్ర జమ్మి ఆకు చేతిలో పెట్టి ఏమీ అడగలేదు. అడగనందుకు గంగి మనసులోనే దండం పెట్టుకుంది.

ఎనిమిదో రోజు పొద్దున బాల్‌సింగ్ లారీ, బంద్ లేని పూట చూసుకుని, గార్డెన్ ముందే వచ్చి ఆగింది. వెనకాల తండా సగం కూర్చుని ఉంది. అదే సమయానికి విద్యాసాగర్ బండలు పరిచే మేస్త్రీని వెంటబెట్టుకుని టేపుతో వచ్చాడు.

"ఎక్కు గంగీ, యాళ్లయితాంది. నీ మూటేది?" అని అరిచాడు బాల్‌సింగ్.

విద్యాసాగర్ నేల వైపు చెయ్యి చూపాడు. "సూసినవు గదా. నేనేం చెయ్య మరి?" ఆయన గొంతులో కోపం లేదు, అదే గంగికి ఎక్కువ భయం వేసింది.

ఆమె గట్టు మీద మోకాళ్లూని ఒక ఎండిన ముక్కను వేళ్లతో మెల్లగా పైకి తీసింది. పైనంతా ఎండింది. కింద కణుపు దగ్గర తెల్లగా, దారప్పోగంత వేరు.

"సారూ, గిది సూడుండ్రి."

"గిదేంది? ఎంట్రికంత లేదు."

"గదే సారూ దాని పానం. ముందుగాల కిందికి పోతది, పైకి రాదు. ముప్పై ఏండ్ల సంది దీన్ని సంపుతున్న, ఎట్ల బతుకుతదో నాకు తెల్వదా?"

ఇంకోచోట తీసింది. అక్కడా వేరుంది. మూడోచోట లేదు, ముక్క పుటుక్కున విరిగింది. నాలుగోచోట రెండు వేర్లు ఊనుకుని ఉన్నాయి. విద్యాసాగర్ కూర్చుని చూశాడు కానీ చేతిలోని టేపు మాత్రం దించలేదు.

బాల్‌సింగ్ హారన్ కొట్టాడు. గంగి లేచి గేటు దాకా వెళ్లింది. ఎక్కితే ఈ ఏడాది గడిచిపోతుంది. ఎక్కకపోతే, ఈ గరక లేవకపోతే, వచ్చే దసరా దాకా ఆమెకు ఏ దారీ లేదు. లారీ మీది నుంచి చంద్రి చెయ్యి చాచింది.

"నేను రాను, మీరు పోండ్రి," అంది గంగి. "మొలిచేదాక ఉంట."

"గడ్డి కోసం ఉంటవానే, పిచ్చిదానా!" అని నవ్వుతూనే చంద్రి కళ్లు తుడుచుకుంది. లారీ వెళ్లిపోయింది.

విద్యాసాగర్ రోడ్డు వైపు చూశాడు, చేతిలోని టేపు చూశాడు. "ఇంకో వారమాగి రా," అని బండల మేస్త్రీని పంపేశాడు.

పన్నెండో రోజు పొద్దున సుమిత్ర గార్డెన్ వంటశాలలో ఉండగా "యాడీ!" అని కేక వినిపించింది. గంగి భాషలో అమ్మను అట్లా పిలుస్తారు. ఏమైందోనని పరిగెత్తుకొచ్చింది. గంగి నేల మీద బోర్లా పడుకుని గడ్డం మట్టికి ఆనించి చూస్తోంది. సుమిత్ర కూడా వంగింది. ఎండిన కణుపుల పక్కనుంచి సూదిమొనల్లా పచ్చటి చిగుళ్లు. ఒకచోట కాదు, చూపు పోయినంత మేరా.

గంగి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. విద్యాసాగర్ వచ్చి చాలాసేపు చూసి, లోపలికి వెళ్లి రూము తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నీకు మాట తూలిన గంగీ, మనసుల పెట్టుకోకు," అన్నాడు. మరుక్షణమే పెద్దరికం గుర్తొచ్చి, "గోడ పొంటి తిరుగుకుంట పో! గడ్డి తొక్కకు!" అని కసిరాడు.

ఆ నెలాఖరుకు సమ్మె విరమించారు. రంజిత్ వచ్చి రెండు సగాల మధ్య నిలబడి చూశాడు. మిషన్ కొట్టిన వైపు గడ్డి సన్నగా ఉంది, గంగి నాటిన వైపు కాస్త ముదురుగా, దట్టంగా అల్లుకుంది. "గంగవ్వా, గిది గింత మంచిగ ఎట్ల చేసినవ్?" అన్నాడు, ఇస్త్రీ మాట పక్కన పెట్టేసి.

పెళ్లినాడు పొద్దున్నే గంగి స్నానం చేసి, అద్దాల రైక తొడుక్కుని, తను నాటిన వైపు నుంచి ఒక్క గుప్పెడు చిగుళ్లు తుంచింది. సుమిత్ర పట్టుచీర కట్టుకుని హడావుడిగా తిరుగుతోంది.

"అమ్మా, జర ఆగు," అంది గంగి. "తీజ్ నాడు మొలకలు మనకు కావలసినోళ్లకు పెడ్తం. నాకు పెండ్లయిన సంది పెట్టే రాత లేకపాయె. గియ్యి పెట్టుకో తల్లీ. నువ్వు ఆ దినం తప్పు మనది అన్నవు సూడు, గందుకు."

సుమిత్ర వెనక్కి తిరిగి తల వంచింది. గంగి ఆ చిగుళ్లను మల్లెదండ పక్కనే కొప్పులో దోపింది. సాయంత్రం దాకా చుట్టాలంతా "తలల గడ్డేంది వదినా?" అని అడుగుతూనే ఉన్నారు. సుమిత్ర అందరికీ ఒకటే చెప్పింది, "మా గంగి పెట్టింది" అని. ప్రేమ్‌చంద్ కూడా వచ్చాడు. అతని జేబులో కూడా ఒక గుప్పెడు చిగుళ్లున్నాయి.

చీకటి పడేవేళకు పెళ్లివారు వెళ్లిపోయారు. వెయ్యిమంది తొక్కిన గడ్డి నేలకు అతుక్కుని ఉంది. విద్యాసాగర్ నెత్తి పట్టుకున్నాడు. "అయిపోయింది, మొత్తం సచ్చింది!"

గంగి ఫక్కున నవ్వింది. "గరక సారూ అది. రేపు నీళ్లు పట్టంగనే లేస్తది."

అందరూ పోయాక ఆమె చెప్పులు చేతపట్టుకుంది. ఇన్నాళ్లూ తన గదికి గోడ వెంటే చుట్టూ తిరిగి వెళ్లేది. ఈసారి లాన్‌కు అడ్డంగా నడిచింది. కాళ్లకు మెత్తగా, చల్లగా తగిలింది. సరిగ్గా మధ్యకు వచ్చాక నిలబడింది. మొగుణ్ని పేరు పెట్టి పిలిచే అలవాటు అతను బతికుండగానూ లేదు, ఇప్పుడూ రాలేదు.

"ఇగో, సూసినవా?" అంది. "లారీ ఎల్లిపోయింది. నేను మొలిచేదాక ఉన్న."